సవరణ: సేఫ్టీకోర్ గ్యాలరీని జల్లెడ పట్టడం లేదు

సేఫ్టీకోర్ అనేది ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ చేర్చిన ఒక సిస్టమ్ భాగం. ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ సేఫ్టీకోర్ మన గ్యాలరీలోని ఫొటోలన్నీ వెతికి గూగుల్‌కు చేరవేస్తోంది’ అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, పేరు చూసి పని చూడకుండా రాసిన పొరపాటు నాదే. గూగుల్ ఇచ్చిన వివరణను, గ్రాఫీన్ఓఎస్ (గోప్యతకు ప్రాధాన్యమిచ్చే ఆండ్రాయిడ్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) రూపకర్తల మాటను కలిపి చూస్తే, ఏదైనా యాప్ అడిగినప్పుడు మాత్రమే సేఫ్టీకోర్ ఆ చిత్రాన్ని ఫోన్‌లోనే పరిశీలించి వర్గీకరిస్తుందనీ, ఫలితం గూగుల్‌కు వెళ్లదనీ తెలుస్తోంది. గూగుల్ మెసేజెస్‌లో హెచ్చరికల సదుపాయం ఆన్‌లో ఉంటే, వచ్చిన నగ్నచిత్రం ముందుగా మసకగా కనిపిస్తుంది. చూడాలో వద్దో మనమే తేల్చుకోవాలి. పెద్దలకు ఈ సదుపాయం ఐచ్ఛికం. అయితే సేఫ్టీకోర్ మనల్ని అడగకుండానే ఫోన్లలోకి చేరిందన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. దాని సోర్స్ కోడ్ బహిరంగంగా లేకపోవడం విచారకరమని గ్రాఫీన్ఓఎస్ వారూ అన్నారు.