బెల్లం వెయ్యని తీపి సాంబారు

మా అత్తగారు తెనాలి నుంచి బెంగళూరు వచ్చిన రెండో రోజే తేల్చి చెప్పేశారు. "మీ ఊరి సాంబారు పోసుకుంటే పాయసం కలుపుకున్నట్టుంది. ఇవాళ నేను పెడతాను. అల్లుడు గారూ, కాస్త లేత ముల్లంగి పట్రండి."

మారతహళ్లిలో మా వీధి చివరే కూరల బండి ఉంది. ఎండగా ఉందని, నిజం చెప్పాలంటే ఏసీ కోసం, సూపర్‌మార్కెట్‌లో దూరాను. తెల్లగా, తల లావుగా, తోక సన్నగా మూడు దుంపలు ప్యాక్ చేసి పెట్టారు. పేరు చదివి కొనే అలవాటు మా ఇంటావంటా లేదు. బిల్లు 380 రూపాయలు. బెంగళూరు కదా, అద్దింటికి లాగే ముల్లంగికి కూడా పది నెలల అడ్వాన్సు తీసుకుంటున్నారేమో అనుకున్నాను.

మధ్యాహ్నం అత్తగారు మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయారు. మెల్లగా కూతురి వైపు తిరిగారు.

"బెల్లం ఎప్పుడు వేశావే?"

"నేనసలు వంటింట్లోకే రాలేదమ్మా!"

"అదీ నిజమేలే."

అయినా లేచి వెళ్లి బెల్లం డబ్బా మూత తీసి చూసొచ్చారు. కూతురు కన్నడం మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే ఆవిడకు అనుమానం వచ్చిందట.

నేను బిల్లు తీసి చూశాను. పార్స్‌నిప్! ఫోన్‌లో వెతికితే, దానికీ ముల్లంగికీ చుట్టరికమే లేదు. క్యారెట్‌కీ కొత్తిమీరకీ దాయాది. చలిదేశాల పంట. చలి ముదిరితే నేలలో ఉండగానే దాని పిండిపదార్థం చక్కెరగా మారుతుందట. యూరప్‌లో బంగాళాదుంప రాకముందు కడుపు నింపిందీ, చక్కెర పిరమైన రోజుల్లో తీపి వంటల్లో పడిందీ ఇదేనట.

నేరం ఒప్పుకున్నాను. కాస్త కనికరిస్తారని పోషకాలు కూడా చదివాను.

"వంద గ్రాముల్లో దాదాపు 5 గ్రాముల పీచు, 17 మిల్లీగ్రాముల విటమిన్ సి, ఫోలేట్, పొటాషియం..."

"పిండిపదార్థం ఎంత?" అన్నారు మామగారు. ఆయనకు షుగరు.

"18 గ్రాములు."

ముల్లంగిలో అందులో సగం కూడా ఉండదు. ఆయన గిన్నె పక్కకు జరిపి మజ్జిగ అడిగారు.

సాయంత్రం మిగిలిన ఒక్క దుంపనూ అత్తగారు చేతికి తీసుకున్నారు. చెక్కు తీసి, నడుమ చెక్కలా ఉన్న ఈనె కోసేసి, సన్నగా తరిగి, ఉప్పూ కారం, జీలకర్రపొడి చల్లి వేయించారు. అంచులు ఎర్రబడి, తీపీ కారం కలిసి భలే కుదిరింది. రుచి చూస్తానని ఒక్క ముక్క తీసుకున్న మామగారు నాలుగు తిన్నారు. ఎవరూ లెక్కపెట్టలేదన్నట్టు ఊరుకున్నాం.

రాత్రి హాల్లో అత్తగారు తెనాలికి ఫోన్ చేస్తున్నారు. "మా అల్లుడు నాలుగొందలు పోసి ముల్లంగి తెచ్చాడొదినా!" నేను మంచినీళ్లు తాగి తిరిగొచ్చేసరికి రెండో ఫోన్. ఆరొందలైంది. మూడో ఫోన్‌కి వెయ్యి దాటింది.