గ్లౌజులు ఒకరివి, వాల్వు ఇంకొకరిది

గుంటూరు దగ్గర మిర్చి టిక్కీలు దాచే ఓ కోల్డ్ స్టోరేజీకి ఈమధ్య వెళ్లాను. మన రైతుల భాషలో 'ఏసీ'. గేటు పక్కనే ఆకుపచ్చ బోర్డు: 'ప్రమాదం లేని రోజులు 412'. లోపల కంప్రెసర్ రూములో ఓ కుర్రాడు, గదులు చల్లబరచడానికి వాడే విషవాయువు అమ్మోనియా ట్యాంకు అడుగున చేరిన కంప్రెసర్ ఆయిల్‌ను బకెట్లోకి వదులుతున్నాడు. ఫోనొచ్చింది. వాల్వు అలాగే వదిలేసి బయటికెళ్లాడు. చేతులకు గ్లౌజులు మాత్రం ఉన్నాయి.

అమ్మోనియా ప్లాంట్లలో గ్యాస్ లీకవడానికి ఈ ఆయిల్ తీసే పని పేరుమోసిన కారణం. చల్లదనానికి చిక్కబడిన ఆయిల్ వాల్వుకు అడ్డుపడుతుంది. రావట్లేదని ఇంకాస్త తిప్పుతారు. అడ్డు ఒక్కసారిగా తొలగిందంటే ఆయిల్ వెనకే అమ్మోనియా తన్నుకొస్తుంది. చెయ్యి తీయగానే దానంతటదే మూసుకునే స్ప్రింగు వాల్వులున్నాయి. ఇక్కడ లేదు. అడగాల్సిందెవరు? సేఫ్టీ చూసే ఆయన గ్లౌజులు, హెల్మెట్లు లెక్కపెట్టుకుంటాడు. వాల్వు మెయింటెనెన్స్ వాళ్లది. డబ్బు ఓనరుది.

ప్రాసెస్ సేఫ్టీని, అంటే ట్యాంకులు, పైపులు, వాల్వుల్లోంచి గ్యాస్ లీకవకుండా, పేలకుండా చూసే పనిని, కార్మికుల భద్రత ఫైల్లోనే కలపాలని నేననేది ఇందుకే. వేలు తెగడం, కాలు జారడం తగ్గితే ఫ్యాక్టరీ భద్రంగా ఉన్నట్టేనన్న భ్రమకు పెద్ద కంపెనీలే బోల్తాపడ్డాయి. 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీలో బీపీ కంపెనీ చమురు రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు. గాయాల లెక్క తగ్గడం చూసి ప్రాసెస్ కూడా బాగుందనుకున్నారని దానిపై వేసిన బేకర్ కమిటీ తేల్చింది. అయిదేళ్లకు సముద్రంలో చమురు బావి తవ్వే రిగ్గు డీప్‌వాటర్ హొరైజన్. పనికి దూరం చేసే గాయమొక్కటీ లేకుండా ఏడేళ్లు గడిచాయని అభినందించడానికి పెద్దసార్లు రిగ్గు మీదికి వెళ్లిన రోజే అది పేలింది. 11 మంది పోయారు.

మన విశాఖ సంగతి చెప్పక్కర్లేదు. ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7న ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం స్టైరీన్ ట్యాంకు వేడెక్కింది. ఉష్ణోగ్రత చూసే సెన్సరు అడుగునే ఉంది, పైన వేడి ఎవరికీ కనపడలేదు. సైరన్ నొక్కే చోట్లు 36 ఉన్నా ఒక్కటీ మోగలేదు. హెల్మెట్టు ఆపగలిగే ప్రమాదమా అది?

చిన్న యూనిట్ల మీద ఇంత భారమా అంటారు. అమెరికాలో 1992 నాటి ప్రాసెస్ సేఫ్టీ నిబంధన కూడా అమ్మోనియా 10,000 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర టన్నులు ఉన్నచోటే వర్తిస్తుందని గుర్తుచేస్తారు. నిజమే. వంద పేజీల ఫైలు ఎవరడిగారు? నేనడిగేది ఒక స్ప్రింగు వాల్వు, ఆయిల్ తీసేటప్పుడు పక్కన రెండో మనిషి.

అసలు జబ్బు పైన ఉంది. మన దేశంలో 2020 నాటి కార్మిక భద్రతా చట్టం (కోడ్) ఇన్‌స్పెక్టరుకు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అని పేరు పెట్టింది. అంటే తనిఖీకి వచ్చేవాడే సాయమూ చేసిపెట్టాలి. వ్యాపారం సులువు చేయాలన్న తొందరలో మనం ముందు కుదించింది తనిఖీలనే. ప్రమాదం జరిగాక మాత్రం మంత్రిగారు చెక్కుతో వచ్చేస్తారు. విశాఖలో చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి కోటి ఇచ్చారు. అందులో ఎన్నో వంతుకి ఆ ట్యాంకు పైభాగానికి సెన్సరొచ్చేది?

ఆ రోజు బయటికొస్తూ టిక్కీలు మోసే హమాలీని అడిగాను, గ్యాస్ వాసనొస్తే ఎటు పరిగెత్తాలో ఎవరైనా చెప్పారా అని. "గేటు వైపేగా బాబూ" అన్నాడు. గాలి కూడా అటే వీస్తోంది. గాలివాటం చూపే గుడ్డ గొట్టమైనా ఎక్కడా లేదు. ఆ 412 కింద గీత గీసి, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారో ఆ తేదీ కూడా రాయమనండి.