గట్టి తారా, నీటికి దారా?

ఎండలు మండి, ఆపై నెలల తరబడి వానలు పడే చోట ఒక తారురోడ్డు గాడులు పడి పగిలింది. గట్టి తారు (బిటుమెన్)తో మరో పొర వేద్దామంటాడు డిజైన్ ఇంజినీరు. మెయింటెనెన్స్ ఇంజినీరు ఒప్పుకోడు.

డిజైన్: గాలి 42 డిగ్రీలుంటే రోడ్డు పైభాగం 60 దాటుతుంది. ఆ వేడికి మెత్తబడిన తారూ రాళ్ల మిశ్రమం లారీ చక్రం కింద పక్కకు జరుగుతుంది. వీజీ-30 రకం తారు బదులు అంతకన్నా గట్టి వీజీ-40తో 50 మిల్లీమీటర్ల పొర వేస్తే సరి. ఇందులో వాదనేముంది?

మెయింటెనెన్స్: ముందు ఆ గాడి చూడండి సార్. మిశ్రమం జరిగి ఉంటే గాడి పక్కన గట్టు లేచేది. ఇది వెడల్పుగా పళ్లెంలా దిగింది, అంటే కింది మట్టే దిగింది. పగుళ్ల చుట్టూ బూడిదరంగు మరకలున్నాయి. లారీ వెళ్లినప్పుడల్లా లోపలి నీరు సన్నమట్టిని పైకి చిమ్ముతోంది. రోడ్డును గుండ్రంగా కోసి ముక్క (కోర్) తీస్తే పైన నల్లగా నిగనిగ, అడుగున రాళ్లు కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయి. సబ్‌బేస్‌ను (తారు కింది రాళ్ల పొరను) తారు అంచు దగ్గరే ఆపి, భుజాలకు (రోడ్డు పక్క అంచులకు) బంకమట్టి పోశారు. దిగిన నీటికి బయటికి దారి లేదు. తొట్టిలో రోడ్డు కట్టినట్టయింది. మీ 50 మిల్లీమీటర్లు ఆ తొట్టికి మూత.

డిజైన్: మరి కూడలి దగ్గర? అక్కడ గట్టు లేచింది, అదీ నడి ఎండాకాలంలో. నీళ్లెక్కడున్నాయి?

మెయింటెనెన్స్: అక్కడ మీ మాటే నిజం. లారీలు ఆగి ఆగి కదిలే చోట వీజీ-40 వేయండి.

డిజైన్: ఇంకో మాట. నీరు బయటికి పోవడానికి పైపులు వేస్తే, వాటి మూతులు రెండు వానాకాలాల్లో గడ్డీ బురదా కప్పేస్తాయి. తీసేవాడెవడు? మందానికి ఆ బెడద లేదు.

మెయింటెనెన్స్: కాదనను. అందుకే పైపు వద్దు. సబ్‌బేస్‌నే భుజం కిందుగా రోడ్డు కట్ట వాలుదాకా తీసుకెళ్లి బయటికి తెరిచి వదలాలి. 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి 5 శాతం లోపుండాలి. రోలర్ కింద నలిగే రాయి వాడితే పొడి పెరిగి నీటిదారి మూసుకుపోతుంది. పక్క కాలువ అడుగు సబ్‌బేస్ అడుగుకన్నా కిందికి ఉండాలి, లేదంటే కాలువ నీరే లోపలికి ఎక్కుతుంది. ఇక మీ వీజీ-40 సంగతి. అది ఎక్కువ వేడి మీదే రోలింగ్ అయిపోవాలి. ఆలస్యమైతే గాలి ఖాళీలు 8 శాతం దాటతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. నీరూ దిగుతుంది, గాలి తగిలి బిటుమెనూ పెళుసెక్కుతుంది.

డిజైన్: నీళ్లంటే మీకు భయమెక్కువ. మట్టి బలం కొలిచే సీబీఆర్ పరీక్షకు మట్టిని నాలుగు రోజులు నానబెట్టి 3 శాతమే వచ్చిందన్నారు. వానలేని చోటా ఇదే పరీక్ష పెట్టి మందం పెంచేస్తారు, దండగ!

మెయింటెనెన్స్: ఎండు నేలలో దండగే. అక్కడ సంగతి ఇక్కడెందుకు?

డిజైన్: మీ వాదం ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని.

మెయింటెనెన్స్: చలిదేశం దాకా వెళ్తుంది. 1958-60లో ఇల్లినాయ్‌లో లారీలు తిప్పి రోడ్లను పరీక్షించిన ఆషో రోడ్ టెస్ట్‌లో ఒక్కో వరసలో తిరిగిన లారీల బరువులు మారలేదు. అయినా తారు విభాగాలు ఎక్కువగా చెడింది వసంతంలో, గడ్డకట్టిన నేల కరిగి మట్టి నానినప్పుడు.

డిజైన్: సరే, భుజాలు తవ్వుదాం. డబ్బెక్కడిది?

మెయింటెనెన్స్: పై పొరలో 20 మిల్లీమీటర్లు తగ్గించండి.

డిజైన్: 10 తగ్గిస్తాను. కూడలిలో మాత్రం ఒక్క మిల్లీమీటరూ ముట్టుకోవద్దు.