దిష్టికి లోటు లేని ఊరు

గుంటూరోళ్లకి కంటి మీద శ్రద్ధ లేదనేవాడికి అసలు కళ్లే లేవు. మా బ్రాడీపేటలో ఏ కొత్త అపార్టుమెంటైనా చూడండి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతుంటుంది. పసిపిల్లకి బుగ్గన చుక్క. ఇక మిరపకాయల సంగతి చెప్పాలా? ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డుల్లో ఒకదాన్ని ఊళ్లో పెట్టుకుని దిష్టి తీయడానికి పిసినారితనం చేస్తామా? తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఇంత కచ్చితమైన కంటి పరీక్ష ఏ డాక్టరు చేయగలడు? కాకపోతే ఇది పక్కింటివాళ్ల కళ్లకి చేసే పరీక్ష. మన కళ్లు ఇందులోకి రావు.

నాకు నలభై ఆరు. చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. చత్వారింశత్ అంటే నలభయ్యేగా! పెద్దలు జబ్బు పేరు మీదే తారీఖు వేసి పంపారు. నేను మాత్రం ఆరేళ్లుగా అచ్చు తప్పుల మీద అనుమానపడుతున్నాను. కంట్లో కటకం గట్టిపడుతుందిట, దగ్గరివి ఆనవుట. అబద్ధం. నా చెయ్యి పొట్టిగా ఉంది, అంతే. మొన్న ఓ శుభలేఖని చేతిపొడుగునా చాపి పట్టుకుని, తెల్లవారుజామున 3 గంటల ముహూర్తాన్ని రాత్రి 8 అని చదివాను. నష్టమేం లేదు. ఎనిమిదింటికి భోజనాలు. తినేసి వచ్చేశాం. దాంతో నా చత్వారానికి సాక్ష్యం లేకుండా పోయింది.

మా అమ్మకి శుక్లం. "ముదరనీరా" అంటుంది, పనసకాయ గురించి చెప్పినట్టు. ముదిరేదాకా ఆగక్కర్లేదు, రోజువారీ పనికి అడ్డమైతే చాలు, ఆపరేషన్ చేసి లెన్స్ పెట్టేస్తామని డాక్టరు చెప్పాడు. కాయ సంగతి ఆయనకేం తెలుసని అమ్మ. మా బావమరిదికి పదేళ్లుగా షుగరు. ఏటా రెటీనా చూపించుకోమన్నారు. చుక్కలేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపలేనని ఎగ్గొడుతున్నాడు. కొన్ని గంటల మసక వద్దనుకుని శాశ్వతమైన మసకకి అడ్వాన్సు కట్టాడన్నమాట. ఇక నీటికాసులు, అదే గ్లకోమా. చాలామందికి నొప్పుండదు, చప్పుడు లేకుండా పక్కచూపు నుంచి తినుకుంటూ వస్తుంది, పోయిన చూపు మళ్లీ రాదు. గుంటూరులో ఎవరూ లెక్కపెట్టని కాసులు ఇవొక్కటే.

పిల్లల విషయంలో మాత్రం మనది ముందుచూపు. మావాణ్ణి రెసిడెన్షియల్‌లో చేర్చడానికి వెళ్లినప్పుడు, రోజుకో రెండు గంటలు పగటి వెలుతురులో ఆడితే పిల్లలకి దూరానివి ఆనని హ్రస్వదృష్టి ముప్పు తగ్గుతుందని ఎక్కడో చదివింది గుర్తొచ్చి అడిగాను.

"గ్రౌండ్ ఎక్కడండీ?"

"బ్రోచర్‌లో ఉంది సార్, నాలుగో పేజీ."

నిజమే, ఉంది. పచ్చగా ఉంది. మే నెలలో నలభై అయిదు డిగ్రీలకి ఎగబాకే ఊళ్లో పిల్లల్ని ఎండకన్నెరక్కుండా పెంచడం మామూలు ప్రతిభ కాదు. మావాడికి తొమ్మిదో తరగతికే మైనస్ మూడు. ర్యాంకు మైనస్‌లో రాలేదు కదా అని సంతోషించాం.

చివరికి మా ఆవిడ పోరు పడలేక అరండల్‌పేట వెళ్లి కళ్లజోడు కొన్నాను. ఇంటికొచ్చి పెట్టుకున్నాను. ఆవిడ ఎగాదిగా చూసింది.

"బాగా నప్పిందండీ. అందరి కళ్లూ మీమీదే ఉంటాయి. ఉండండి, అలాగే కూచోండి."

గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు బ్రహ్మాండంగా వచ్చింది. అంటే దిష్టి లేనట్టే. కారే నీళ్లు తుడుచుకోడానికి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఎక్కడ పెట్టానో ఇంకా కనపడలేదు.