బెంచీ ఎక్కించి మార్కులు వేసే బెంచ్‌మార్కు గారికి

మహారాజశ్రీ బెంచ్‌మార్కు గారి సముఖానికి,

కంప్యూటర్ల వేగాన్ని పరీక్షించి మార్కుల పట్టికలు వేసే తమరికి, రాజోలు వైపు కాలువ గట్టున జిరాక్స్ దుకాణం పెట్టుకుని బతుకుతున్నవాడు రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం మాత్రం అడగడం లేదు. అడిగితే నిన్నటికంటే ఎన్ని పాయింట్లు తగ్గారో పట్టిక వేసి పంపుతారని భయం.

మా చిన్నప్పుడు బెంచీ ఎక్కించడం అంటే శిక్ష. ఎక్కం తప్పు చెప్పినవాడు బెంచీ ఎక్కేవాడు, ఒప్పు చెప్పినవాడికి మార్కులు పడేవి. ఒకే పిల్లవాడికి రెండూ ఒకేసారి జరిపించే పద్ధతి తమరే కనిపెట్టారు. పేరు కూడా అలాగే పెట్టుకున్నారు.

సంగతి ఏమిటంటే, మా దుకాణంలో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి పోయింది. సముద్రపు గాలికి ఇక్కడ కిటికీ ఊచలే నిలవవు, బోర్డు ఎంతకాలం నిలుస్తుంది? పాత సామానులో చవగ్గా ఏదైనా చూడమని భీమవరంలో ఇంజినీరింగు చదువుతున్న మా మేనల్లుడికి చెప్పాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. వాడు తమరి పరమభక్తుడని అప్పటికి నాకు తెలియదు. మూడు వారాల పాటు రాత్రీ పగలూ తమరి పట్టికలు పారాయణం చేసి, కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్లలో చివరికి ఇద్దరు అభ్యర్థులను తేల్చాడు. ఒకరు ఇంటెల్ వారి పెంటియం జీ4560. 2017 జనవరిలో 64 డాలర్ల ధరతో వచ్చింది. మరొకరు ఏఎండీ వారి ఆథ్లాన్ 200జీఈ. 2018 సెప్టెంబరులో 55 డాలర్లకు వచ్చింది. ఇద్దరికీ రెండేసి కోర్లు, అంటే పని చేసే బుర్రలు, నాలుగేసి థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిపే పని వరసలు. వేగంలో పెంటియం 3.5 గిగాహెర్ట్జ్, ఆథ్లాన్ 3.2. తేడా నూటికి పది కూడా లేదు.

పేర్లు చూస్తే మాత్రం జమీ పోయినా బిరుదు వదలని దివాణాలు గుర్తుకొస్తాయి. పెంటియం అంటే 1993లో కొనగలిగినవాడి ఇంట్లో మాత్రమే ఉండే వస్తువు. ఆథ్లాన్ అయితే 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ గీతను పెంటియం 3 కంటే రెండు రోజుల ముందు దాటి మీసం మెలేసింది. ఇప్పుడు అవే పేర్లతో ఇద్దరూ చవక సరుకు వరసలో పక్కపక్కన కూర్చుని, తమరు వేసే పది మార్కుల తేడా కోసం తగువు పడుతున్నారు.

మేనల్లుడి ఓటు పెంటియానికి. "ఒక్క కోరు పనిలో ఇదే ముందుంది మామయ్యా, స్కోరు చూడు" అన్నాడు. చూశాను. నిజమే, కాస్త ముందుంది. కానీ నా దగ్గర మిగిలిన రెండో కంప్యూటర్లో ఉన్నది కూడా అదే పెంటియం. అది ఎంత ముందుందో రోజూ చూస్తూనే ఉన్నాను. వరసలో నిలబడ్డ రైతు ఒక్క 1బీ భూమి కాగితం కోసం తువ్వాలు భుజం మార్చుకుంటూ ఉంటే, అది తెర మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇంతలో పక్క ఊరిలో ఎవరో ఆథ్లాన్ పెట్టె అమ్ముతున్నారంటే, దారిలో ఉంది కదా అని వాణ్ణి అడక్కుండానే కొని తెచ్చేశాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు పందెం పెట్టాడు. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, ఒకేసారి మీట నొక్కి, ఒకే కొబ్బరి వ్యాపారి లెక్కల ఫైలు తెరిచి, ప్రింటు ఇవ్వాలి. నేను టీ తెప్పించాను. ఆథ్లాన్ ప్రింటు తీసేసింది. టీ తాగాను, గ్లాసు తిరిగి ఇచ్చాను. పెంటియం అప్పటికి ఇంకా వైరస్ కాపలాదారుణ్ణి నిద్ర లేపుతోంది.

వాడి ముఖం చూడవలసింది! పట్టికలో ముందున్నది గదిలో వెనకబడింది. "స్కోరు తప్పు కాదు మామయ్యా" అని పట్టుబట్టాడు. తప్పు కాదని నాకూ తెలుసు. ఫైళ్లు దాచే చోటులో ఉంది కిటుకు: కొని తెచ్చిన పెట్టెలో కదిలే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ ఉంది, నా పాతదానిలో గిరగిరా తిరిగే హార్డ్ డిస్కు ఉంది. స్క్రూడ్రైవరు తీసి, ఒక్కోదానికి నాలుగు మరలు, రెండు తీగలు ఊడదీసి, దాన్ని దీనికీ దీన్ని దానికీ తగిలించాను. కొత్త ఇంటికి వచ్చిన కోడలిలా విండోస్ కాసేపు అన్నీ తడుముకుని, గుర్తుపట్టి, సర్దుకుంది. రెండో పందెంలో పెంటియం రివ్వున లేచింది. ఆథ్లాన్ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

అయ్యా, తమరు ధవళేశ్వరం ఎప్పుడైనా వచ్చారా? ఆనకట్టకు 175 గేట్లు. వరదొస్తే అవన్నీ ఎత్తినా గోదావరి చాలదన్నట్టు ఉరుకుతుంది. అయినా మా రాజోలు దీవికి కాలువ నీరు అందాలంటే వైనతేయ పాయ మీదుగా గన్నవరం అక్విడెక్టు దాటి రావాలి. ఆకలన్నవాడికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు దానికి ఊరికే పెట్టలేదు. అది దాటాక కూడా గుర్రపుడెక్క అడ్డం పడకుండా ఉంటేనే శివారు చేలు తడుస్తాయి. తమరు ధవళేశ్వరం దగ్గర కుర్చీ వేసుకుని గోదావరిని కొలుస్తారు. మేము శివారులో నిలబడి బోదె కొలుస్తాం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు వంద, మహా అయితే రెండు వందలు ఏరుకొస్తుంది. మామూలు రకం ఎస్‌ఎస్‌డీ పదుల వేలు తెస్తుంది. అలాంటి తూము దగ్గర ప్రాసెసర్ వేగం 3.5 అయితే ఏమిటి, 3.2 అయితే ఏమిటి?

పోనీ తమరు కొలవనివి కొన్ని చెబుతాను, రాసుకోండి. ప్రాసెసర్‌ను చల్లార్చే కూలర్ ఊడదీసి, మధ్యలో వేడి లాగే పాత పేస్టు తుడుద్దామని పైకి లాగితే ఆథ్లాన్ కూడా దానికి అంటుకుని సాకెట్లోంచి ఊడి వచ్చేసింది, పనస తొనతో పాటు పీచు వచ్చినట్టు. దాని కాళ్లు దానికే ఉంటాయి, మొత్తం 1331. మూలన మూడు వంగాయి. మా ఆవిడ సూది తెచ్చి ఇస్తే కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. దానికి తమరి దగ్గర ఎన్ని మార్కులు? పెంటియానికి ఆ గండం లేదు, దాని కాళ్లు బోర్డులో ఉంటాయి. కానీ దానికి వేరే గండం. ఒకే దెబ్బకు చాలా లెక్కలు చేయించే ఏవీఎక్స్ ఆదేశాలు అందులో లేవు, అవి కావాలనే ప్రోగ్రాములు గడప దగ్గరే వెనక్కి పంపేస్తాయి. ఆథ్లాన్‌కు అవి తెలుసు. బొమ్మల పనిలో కూడా దాని లోపలే ఉన్న వేగా 3 అనే బొమ్మల భాగం మెరుగు. కాకపోతే అది ర్యామ్‌లోనే వాటా అడుగుతుంది. ఒకే ర్యామ్ ముక్క పెట్టి ఆటలాడదామంటే దారి ఇరుకై మళ్లీ శివారు కథే.

పెంటియానికి 54 వాట్లు, ఆథ్లాన్‌కు 35 వాట్లు అని రాస్తారు కదా, అది చల్లార్చవలసిన వేడి లెక్క, కరెంటు బిల్లు కాదు. మా పనిలో ప్రాసెసర్ సగం రోజు గోళ్లు గిల్లుకుంటూనే ఉంటుంది. అయినా కరెంటు పోయి ఇన్వర్టర్ కూత పెడుతున్నప్పుడు ఒక్కో వాటూ నాకు లెక్కే.

ఇంతకీ ఏది కొనాలని అడుగుతారేమో. దుకాణంలో బోర్డు ముందే ఉన్నవాడు దానికి సరిపడేదే పెట్టుకుంటాడు, అందులో ఆలోచించడానికేమీ లేదు. బోర్డుతో సహా కొనేవాడైతే ఆథ్లాన్ వైపే వెళ్లాలని నా మాట, దాని కోసం కాదు, దాని కింద ఉన్న సాకెట్ కోసం. ఆ ఏఎం4 రకం సాకెట్ ఉన్న బోర్డుల్లో, బోర్డును నిద్ర లేపే ప్రోగ్రామైన బయాస్ మార్చుకుంటే, చాలావాటిలో రేపు ఏఎండీ వారిదే ఆరు కోర్ల రైజెన్ 5 5600 కూర్చుంటుంది. పెంటియం బోర్డు ఇంటెల్ వారి ఏడో తరం ప్రాసెసర్లతో ఆగిపోతుంది. ఎనిమిదో తరానికి కూడా వారు సాకెట్‌కు అదే 1151 అంకె ఉంచి, సంబంధం మాత్రం కుదరదన్నారు. గోత్రం ఒకటైతే పెళ్లి కుదరదని మనవాళ్లంటారు, వాళ్లూ అదే పాటించారు కాబోలు.

ఒక్క పరీక్షలో మాత్రం ఇద్దరికీ సమానంగా సున్నా పడింది. విండోస్ 11 నడిపే ప్రాసెసర్ల జాబితాలో రెండింటి పేర్లూ లేవు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగింది. తమరి పట్టికలో ఏళ్ల తరబడి ముందువెనకలు పడ్డవాళ్లు ఒకే రోజున ఒకే బెంచీ ఎక్కారు. నా దగ్గర ఒకదానిలో విండోస్‌కు బదులు లినక్స్ వేసి చూశాను. ప్రింటరు ఒకటి అలిగింది, మిగతా అంతా బాగానే ఉంది.

హార్డ్ డిస్కుతో మిగిలిన పెట్టెకు కూడా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని తెమ్మని మేనల్లుడికి డబ్బు ఇచ్చి తొమ్మిది రోజులైంది. పెట్టె మూత తీసే ఉంది, బల్లులు దూరుతున్నాయి. రెండు ఎస్‌ఎస్‌డీల మధ్య తేల్చుకోలేక తమరి పట్టికల్లోనే ఉన్నాడు. చూసి పంపించగలరు.

ఇట్లు,
శివారు రైతులకు ప్రింట్లు తీసేవాడు