ఓడ మీదికి వస్తున్నా పడవను వదలకూడదు

నడిసముద్రంలో చిన్న తెరచాప పడవకు పెద్ద ఓడ ఎదురైతే నీళ్లలోకి దూకడమే మేలని మా హాలియా, నాగార్జునసాగర్ వైపు చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకం ప్రాణాంతకమైనది కాబట్టే ఈ పోస్టు రాస్తున్నాను. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకు అలా అనిపించడంలో వింత లేదు. సోమశిల దగ్గర పుట్టి పడవ తిరగబడినా, సాగర్‌లో లాంచీకి ఏదైనా అయినా ఎక్కడో ఒకచోట గట్టు కనిపిస్తుంది, ఈత వచ్చినవాడు ఆ ధైర్యంతోనే దూకుతాడు. సముద్రంలో ఈదుకుంటూ చేరడానికి గట్టే ఉండదు.

లెక్క వేసి చూడండి. 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) వేగంతో వచ్చే ఓడ 500 మీటర్ల దూరాన్ని నిమిషానికి కాస్త ఎక్కువలో దాటేస్తుంది. అదే నిమిషంలో 5 నాట్ల వేగంతో కదిలే పడవ ఓడ దారికి అడ్డంగా 150 మీటర్లు తప్పుకోగలదు, పెద్ద సరుకు ఓడ వెడల్పేమో చాలా సందర్భాల్లో 32 మీటర్లే. లైఫ్ జాకెట్‌తో, తడిసిన బట్టలతో ఈదే మనిషి ఆ నిమిషంలో 30 మీటర్లు పోతే గొప్ప. పైగా ఓడ పక్క నుంచి పారే నీరు అతణ్ణి వెనుక తిరుగుతున్న ప్రొపెల్లర్ వైపు లాగవచ్చు. అలల మధ్య కొబ్బరికాయంత కనిపించే తల రాడార్‌కు అందదు, మనిషి కంటికీ ఆనదు.

2006 ఆగస్టులో ఇంగ్లీష్ చానెల్‌లో ఓజో అనే చిన్న పడవలోని ముగ్గురూ చనిపోయారు. ఒక పెద్ద ఫెర్రీ దాన్ని ఢీకొట్టడమో, మరీ దగ్గరగా పోవడంతో అలలకు అది మునగడమో జరిగిందని దర్యాప్తులో తేలింది. పడవ క్షేమంగా తప్పుకుందనుకుని ఫెర్రీ ముందుకు సాగిపోయింది. నీళ్లలో పడ్డవాళ్లు ఎవరికీ కనిపించరనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 1979లో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల పందెంలో వచ్చింది తుఫానే కానీ, సిబ్బంది వదిలేసిన 24 పడవల్లో మునిగినవి 5 మాత్రమే అన్న సంగతి ఇక్కడా గుర్తుంచుకోవాలి.

అసలు నిర్ణయం చివరి నిమిషంలో తీసుకునేది కాదు. దిక్సూచిలో ఓడ ఉన్న దిశ మారకుండా దూరం మాత్రం తగ్గుతోందంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే. తెరచాప పడవకు యంత్ర ఓడ దారి ఇవ్వాలన్న నిబంధన ఉన్నమాట నిజమే, కానీ ఓడ ముందు భాగం అడ్డుపడి మీరు కనిపించకపోతే ఆ నిబంధన మిమ్మల్ని కాపాడదు. ఇంజిన్ వేయండి, వీహెచ్‌ఎఫ్ రేడియోలో ప్రమాద పిలుపులకు వాడే 16వ చానెల్‌లో పిలవండి, రాత్రయితే తెరచాప మీద టార్చి వేయండి, దారికి అడ్డంగా తప్పుకోండి. లోపల పడుకున్నవాళ్లను లేపి లైఫ్ జాకెట్లు తొడిగించి పైకి రప్పించండి, ఎందుకంటే పడవ బోర్లాపడితే గదిలో చిక్కినవాడు బయటపడటం కష్టం.

గాలి లేక, ఇంజిన్ పనిచేయక, ఓడ సరిగ్గా పడవ నడుమ మీదికే వస్తే ఏం చేయాలన్నదే నిజంగా కష్టమైన ప్రశ్న. ఆఖరి క్షణంలో పక్కకు దూకినవాణ్ణి నేను తప్పుపట్టను. అయినా తేలికైన పడవను ఓడ ముందు ఎగసే నీరు పక్కకు నెట్టే అవకాశం కొంతైనా ఉంది కాబట్టి, నేనైతే నన్ను పడవకు కట్టి ఉంచే నడుము తాడును కోసే కత్తి చేతిలో పట్టుకుని, పడవ కాళ్ల కింద తేలుతున్నంతసేపూ అందులోనే ఉంటాను.