కార్బన్ డయాక్సైడ్‌ని ఊది పారేయమనే మెసేజ్‌కి జవాబు

వాట్సాప్‌లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "కార్బన్ డయాక్సైడ్ విషం. అది చెడు రక్తంలోనే ఉంటుంది, మంచి రక్తంలో ఉండదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని దించేసి అదే చోట దీన్ని ఎక్కించుకుంటుంది. రోజూ పొద్దున్నే గబగబా గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే విషమంతా పోయి మెదడుకు ఆక్సిజన్ పెరుగుతుంది." ఇందులో ఒక్క మాటా నిలవదు. చివరి సలహా అయితే ప్రాణాల మీదికి తెస్తుంది.

"మంచి రక్తంలో ఉండదు." ధమనుల్లో పారే 100 మి.లీ. "మంచి" రక్తంలో ఆక్సిజన్ సుమారు 20 మి.లీ. ఉంటే, కార్బన్ డయాక్సైడ్ 48 మి.లీ. దాకా ఉంటుంది! సిరల్లో పారే "చెడు" రక్తంలో అది 52. తేడా అంతే.

"అదే చోట ఎక్కించుకుంటుంది." హిమోగ్లోబిన్ అంటే ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ని మోసే ప్రోటీన్. అందులో ఆక్సిజన్ అంటుకునేది హీమ్ అనే భాగంలోని ఇనుముకి. కార్బన్ డయాక్సైడ్ పట్టుకునేది గ్లోబిన్ అనే ప్రోటీన్ గొలుసుల చివరుండే అమైనో సమూహాలను. ఇనుము దగ్గర ఆక్సిజన్‌తో పోటీపడేది కార్బన్ మోనాక్సైడ్, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లను చంపే వాయువు. మెసేజ్ రాసినవాళ్లు ఈ రెంటినీ కలిపేసినట్టున్నారు.

పైగా కార్బన్ డయాక్సైడ్‌లో హిమోగ్లోబిన్‌కి అంటుకుని వెళ్లేది ఐదో వంతు మాత్రమే. మరికొంత, పదో వంతుకు లోపే, నేరుగా రక్తంలో కరిగి వెళ్తుంది. మిగతా 70 శాతం దాకా ప్రయాణించేది బైకార్బొనేట్ అనే అయాన్‌గా మారి. నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఈ భాగమే. ఎర్రకణం కేశనాళికలో, అంటే వెంట్రుకలా సన్నటి రక్తనాళంలో, ఉండేది మహా అయితే కొన్ని సెకన్లే. ఆ కాస్త వ్యవధిలోనే కార్బనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ని నీటితో కలిపేస్తుంది. పుట్టిన ఆమ్లం విడిపోయి బైకార్బొనేట్ ప్లాస్మాలోకి, అంటే రక్తంలోని ద్రవభాగంలోకి, వెళ్తుంది, దాని బదులు క్లోరైడ్ లోపలికి వస్తుంది. మిగిలిన హైడ్రోజన్ అయాన్‌ని హిమోగ్లోబిన్ పట్టుకుంటుంది, పట్టుకుంటూ ఆక్సిజన్‌ని వదులుతుంది. 1904లో డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు చూపించింది ఇదే: కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన చోటే ఆక్సిజన్ సులువుగా దిగుతుంది. ఊపిరితిత్తుల్లో ఇదంతా తిరగబడుతుంది.

"విషం." మోతాదు మించితే ప్రమాదమే, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లలో చూస్తాం. కానీ రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.35–7.45 మధ్య నిలబడాలంటే కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ రెండూ ఉండాల్సిందే. ఊపిరి తీసుకోమని మెదడుని తొందరపెట్టేదీ ముఖ్యంగా కార్బన్ డయాక్సైడే.

"మెదడుకు ఆక్సిజన్ పెరుగుతుంది." వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే కూర్చున్నా 97, 98 శాతం చూపిస్తుంది. ఇంక పెరగడానికి చోటేది? గబగబా ఊపిరి తీస్తే తగ్గేది కార్బన్ డయాక్సైడ్. అది తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుని అక్కడికి వెళ్లే రక్తమే తగ్గుతుంది. తల తిరగడం అందుకే. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం కార్బన్ డయాక్సైడ్ తగ్గి రక్తం పీహెచ్ పెరగడం వల్ల. విషం పోతున్న గుర్తులు కావవి.

నెమ్మదిగా చేసే ప్రాణాయామం సంగతి వేరు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. నా భయమంతా ఈతకు వెళ్లే పిల్లల గురించి. బావిలో మునిగే ముందు ఇలా ఊపిరి తీస్తే, ఆక్సిజన్ అయిపోతున్నా పైకి రమ్మని చెప్పాల్సిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకోదు. ఉక్కిరిబిక్కిరి కాకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది. ఈ మెసేజ్ మీ పిల్లల ఫోన్లోకి వచ్చుంటే, ఈ సంగతి వాళ్లకు చెప్పండి.